నేల తగలని మంచం

కాళ్లతో చేసే ఉద్యోగం

నర్సింగు చదివిన అమ్మాయిలు ఇప్పటికీ అప్పుడప్పుడు గుణదలలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. "పల్లెటూరి పోస్టింగు వచ్చిందండీ, ఎలా ఉంటుందో చెప్పండి" అంటారు. నేను ముందు వాళ్ల చెప్పులవంక చూస్తాను. ఎత్తుమడమల చెప్పులు కనబడితే నవ్వు ఆపుకోలేను. కాఫీ ఇచ్చి, వాళ్ల మనసు కాస్త కుదుటపడ్డాక మొదలుపెడతాను.

డెబ్బైల మొదట్లో నేను హెల్త్ విజిటరుగా చేరాను. ఊరూరా తిరిగి గర్భిణులను చూడడం, కాన్పులు చెయ్యడం, పసిపిల్లలకు టీకాలు వెయ్యడం మా పని. అందులో చేతులతో చేసేది సగమే. మిగతా సగం కాళ్లతో చెయ్యాలి. ఆ సంగతి ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ట్రాన్స్‌ఫర్ కోసం ఏ ఆఫీసు చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశాను లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకలాగే ఉంటాయి, వినేవాళ్లకు ఆవులింతలొస్తాయి. నాకు పనంటే ఏమిటో నేర్పిన ఊరు ఒకటుంది. దాని పేరు తెల్లదిబ్బ. దివిసీమ చివర, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, ఇసుకదిబ్బ మీద తాటాకు ఇళ్లు. అందరూ చేపలు పట్టుకుని బతికేవాళ్లే. ఆ ఊరికి రోడ్డు లేదు. గతుకుల రోడ్డు, మట్టి రోడ్డు కూడా లేవు, అసలు ఏ రోడ్డూ లేదు.

గొడుగు కట్టిన కర్ర

విజయవాడలో పొద్దున్నే బస్సెక్కితే ఉయ్యూరు, చల్లపల్లి మీదుగా వెళ్లి, పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డలో దిగాలి. అక్కడినుంచి ఇంకో బస్సు మా ఆస్పత్రి ఉన్న ఊరికి. ఆస్పత్రంటే ఒక పెంకుటిల్లు, వరండా, లోపల నాలుగు ఇనప మంచాలు. బస్సు అక్కడితో ఆఖరు. ఆ తర్వాత నడకే.

ముందు వరిపొలాల గట్లు. గట్టు మీద నడవడం మాకు అలవాటే కాబట్టి అది పెద్ద లెక్కలోకి రాదు. పొలాలు అయిపోయాక పర్ర వస్తుంది. పర్ర అంటే సముద్రపు ఉప్పు పేరిన చవిటినేల. పైరు పండదు, నీడకు ఒక చెట్టుండదు. ఎండాకాలం కళ్లు జిగేల్‌మంటాయి, వానాకాలం అడుగు తీసి అడుగు వెయ్యనివ్వదు. పర్ర దాటితే మడ అడవి, ఆ అడవి మధ్యలో ఒక పాయ. సముద్రం నీళ్లు పాయలోకి ఎక్కే వేళను పోటంటారు, తీసే వేళను పాటంటారు. పాటు వేళకు వెళితే చీర ఎగ్గట్టుకుని నడుం లోతు నీళ్లలో దాటొచ్చు. పోటు మీద ఉంటే మాత్రం ఇవతలి ఒడ్డున పాతిన కర్రకు ఏదో ఒక గుడ్డ కట్టి కూర్చోవాలి. అవతల ఎవరో చూసి పడవ తెస్తారు.

మొదటిసారి నాకు ఆ పద్ధతి తెలియదు. కర్ర కనబడింది కదా అని గొడుగు విప్పి దానికి కట్టాను. గాలికి గొడుగు తిరగబడి, ఊచలు విరిగి, బట్ట చిరిగిపోయింది. పడవ తెచ్చినాయన దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను అక్కడ పనిచేసినన్నాళ్లూ "గొడుగు నర్సమ్మ" అనే పిలిచారు.

ఊళ్లో అడుగుపెట్టగానే మగవాళ్లు సగంమంది మాయమయ్యారు. ఆ రోజుల్లో నర్సంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి పట్టుకుపోయే మనిషని భయం. ఆడవాళ్లు మాత్రం పారిపోలేదు. ఒకామె బిందెతో నీళ్లు తెచ్చి, నా కాళ్లకున్న బురద పోయేదాకా పోసి కడిగింది. వద్దమ్మా అన్నా వినలేదు. ఆ నీళ్లు సముద్రపు నీళ్లు కావు. దిబ్బ వెనక ఇసుకలో చెలమ తవ్వి, ఊరినదాన్ని కొబ్బరిచిప్పతో తోడుకున్న మంచినీళ్లు. బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో తర్వాత నేనే చూశాను. నడిచొచ్చిన మనిషెవరైనా సరే ఆ ఊళ్లో ముందు కాళ్లకు మంచినీళ్లు పోస్తారు. అంత నడక నడిచి తమకోసం వచ్చినవాళ్లకు అది చెయ్యకపోతే ఎట్టా అన్నట్టుండేది వాళ్ల వరస. నాకు ఆ మొదటి రోజే వాళ్ల మీద ప్రేమ కలిగిపోయింది. దాచుకోవాల్సిన విషయమేమీ కాదు కాబట్టి రాస్తున్నాను.

మా డాక్టరుగారు

మా డాక్టరుగారు చెడ్డవారు కాదు. చెయ్యి మంచిది. కాన్పు కష్టమైతే ఆయన చెయ్యి పడితే చాలని నేను గట్టిగా నమ్మేదాన్ని. కానీ జీపు వెళ్లని ఊరు ఆయన దృష్టిలో ఊరే కాదు. తెల్లదిబ్బ పేరెత్తితే, "ఎందుకమ్మా కరుణా, వాళ్లకి అవసరమైతే వాళ్లే వస్తారు" అనేవారు.

"నడవలేనివాళ్లు ఎలా వస్తారండీ?" అని ఒకసారి అడిగాను.

"మోసుకొస్తారు."

ఆయన ఆ మాట మామూలుగా అనేసి టీ తాగారు. మోసుకురావడమంటే ఏమిటో అప్పటికి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. పై అధికారుల విషయంలో నేను కొత్తవాళ్లకు చెప్పేది ఒకటే. వాళ్లతో పోట్లాడి రోడ్డు వేయించలేం. మన కాళ్లు మన దగ్గరే ఉన్నాయి, నడవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నెలకొకసారైనా తెల్లదిబ్బ వెళ్లేదాన్ని, ఆయన ఆపలేదు. అందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి. ఆపే బాసులను కూడా తర్వాత చూశాను.

నాంచారమ్మ

ఒక పొద్దున నేను దిబ్బ ఎక్కేసరికి ఊరంతా ఒక ఇంటి ముందు నిలబడి ఉంది. ఏడుకొండలు అనే కుర్రాడి భార్య నాంచారమ్మకు తొలి కాన్పు, నొప్పులు ముందురోజే మొదలయ్యాయి. లోపలికి వెళ్లి పొట్ట మీద చెయ్యి వేశాను. గట్టిగా, గుండ్రంగా తలకాయ పైన, డొక్కల కింద తగిలింది. ఎదురుకాళ్ల బిడ్డ. తొలి కాన్పులో ఎదురుకాళ్లంటే తల ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. డాక్టరుగారి చెయ్యి పడాల్సిన కేసని నాకు అర్థమైంది.

బయటికొచ్చి చెప్పాను. "ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు."

పాయలో పాటు నడుస్తోంది, పడవలు ఒడ్డు బురదలో దిగబడి ఉన్నాయి. సముద్రం మీదుగా పోదామంటే గాలి ఎదురు. ఊరి పెద్ద వీరాస్వామిగారు ఒక్క మాటే అన్నారు. "మంచం లేపండ్రా."

ఆ మాటతో ఆ రోజు ఊళ్లో వల నీళ్లలో దిగదు. అది అక్కడి కట్టుబాటు. మంచం లేచిందంటే మోయగలిగిన ప్రతి మగవాడూ వెంట నడవాలి. నులకమంచం కింద రెండువైపులా పొడవైన వెదుళ్లు కట్టారు, దాని మీద బొంతలు పరిచి నాంచారమ్మను పడుకోబెట్టారు. మంచం దాటి బయటికొచ్చిన వెదురు కొమ్ములు భుజాలకెత్తుకున్నారు. ఎడమవైపు ముందు కొమ్ము ఏడుకొండలు పట్టాడు. అత్తగారు లంకమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, నేను పక్కన నడిచాం.

అలాంటి మోత నేను మళ్లీ చూడలేదు. అలసిన మనిషి ఆగడు, నోటితో "భుజం" అంటాడు. వెనక నడుస్తున్నవాడు వచ్చి వెదురు కింద దూరతాడు, ఇతను పక్కకు జరుగుతాడు. నడక ఆగదు, మంచం కుదుపు తినదు. పాయలో దిగినప్పుడు వెదుళ్లు భుజాల మీదనుంచి తలల మీదికి వెళ్లాయి. నీళ్లు వాళ్ల నడుం దాటి చిమ్ముతున్నా, పైన నాంచారమ్మ చీరకొంగు కూడా తడవలేదు. ఏడుకొండలు ఒక్కడే "భుజం" అనలేదు. ఎవరైనా వచ్చి "ఇయ్యరా" అంటే, "ఒద్దు బాబాయ్" అని ముందుకే చూస్తూ నడిచాడు.

మడ అడవి దాటి పర్ర మీద సగం దూరం వచ్చాం. నాంచారమ్మ కేక మారింది. ఆ కేక ఎలా మారుతుందో కాన్పులు చేసినవాళ్లకు తెలుసు. చీర తొలగించి చూస్తే బిడ్డ పిరుదులు కనబడుతున్నాయి. ఇక ఆస్పత్రి మాట మరిచిపోవాల్సిందే.

"ఆపండి! మంచం దించండి. కాన్పు ఇక్కడే."

అందరూ ఆగారు. మంచం మాత్రం దిగలేదు.

"దించమంటుంటే వినబడట్లేదా?" అని అరిచాను.

"దించకూడదమ్మా" అన్నారు వీరాస్వామిగారు.

"ఎందుకని?"

"పానమున్న మనిషిని దారిలో నేల మీద దించం. పాడెనే దించుతారు."

అప్పుడు అర్థమైంది. చనిపోయినవాళ్లను మోసుకెళుతూ దారిలో ఒకచోట పాడె దించి, చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఉంటే పలుకుతారేమోనని ఆఖరి ఆశ. దాన్ని దింపుడు కళ్లం అంటారు. మా క్రైస్తవుల్లో ఆ ఆచారం లేకపోయినా, అది తెలియని తెలుగువాళ్లుండరు. ఇంటినుంచి లేపిన మంచాన్ని దారిలో నేలకు ఆనిస్తే, ఆ మనిషిని చచ్చినవాళ్లలో కలిపేసినట్టని వాళ్ల లెక్క. పడవలో పెట్టొచ్చు, బండిలో పెట్టొచ్చు, నేల మాత్రం తగలకూడదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇక్కడ రెండు ప్రాణాలు పోతుంటే ఏంటండీ ఈ చాదస్తం!" అన్నాను. లంకమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నర్సమ్మా, నువ్వు నీ పని చెయ్యి తల్లీ. మంచం సంగతి మావోళ్లు చూసుకుంటారు. ఎంత ఎత్తున కావాలో చెప్పు, అంతే ఎత్తున పట్టుకుంటారు."

వాదించడానికి టైము లేదు. "నడుం ఎత్తుకి తెండి" అన్నాను.

వెదుళ్లు భుజాలనుంచి చేతుల్లోకి దిగాయి. మగవాళ్లందరూ మంచానికి వీపులు తిప్పి, చేతులు వెనక్కి పెట్టి వెదుళ్లు పట్టుకుని సముద్రం వైపో పొలాల వైపో చూస్తూ నిలబడ్డారు. మిగతా ఇద్దరు ఆడవాళ్లు వెంట తెచ్చిన చీరలు విప్పి చుట్టూ తెరలా పట్టారు. నాంచారమ్మను మంచానికి అడ్డంగా తిప్పి, నడుం అంచు మీదికి జరిపాం. అత్తగారు వెనకనుంచి వీపు ఆనించుకుని పట్టుకుంది. బరువంతా ఒక పక్కకు వచ్చింది. అటువైపువాళ్లు ఒకసారి మూలిగారు, అంతే, మంచం కదల్లేదు.

నాకు గుంటూరులో పని నేర్పిన మేట్రన్ సువార్తమ్మగారు చాలా కఠినమైన మనిషి. ఎదురుకాళ్ల కాన్పు దగ్గర ఆవిడ మా చేతులమీద స్కేలుతో కొట్టేవారు. "బిడ్డ బొడ్డు దాకా వచ్చాక చేతులు వెనక్కి కట్టుకో. లాగావా, తల ఇరుక్కుంటుంది. బిడ్డను వేలాడనీ. తన బరువుతో తనే దిగుతుంది. మెడ వెనక జుట్టు కనబడ్డాక ముట్టుకో." వేలాడాలంటే తల్లి ఎత్తున ఉండాలి, కింద ఖాళీ ఉండాలి. ఆస్పత్రిలో అందుకు బల్ల ఉంటుంది. నేను అరిచి దించమన్న నులకమంచం కోళ్లు నా మోకాలికి కూడా రావు. నేల మీద దించి ఉంటే బిడ్డ వేలాడడానికి చోటే ఉండేది కాదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. వాళ్లకు అది తెలిసి దించలేదని కాదు, వాళ్ల నమ్మకం వాళ్లది. కానీ ఆ పర్ర మీద, ఏ వస్తువూ లేని చోట, మేట్రన్ గారి బల్ల నా ముందు మనుషుల చేతుల్లో నిలబడి ఉంది.

నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. కాన్పు చేసేటప్పుడు ఏమీ చెయ్యకుండా నిలబడడం కన్నా కష్టమైన పని లేదు. నడుం వచ్చింది, భుజాలు వచ్చాయి, తల ఉండిపోయింది. బిడ్డ వేలాడుతోంది. పోటు మొదలై పర్ర మీదికి నీళ్లు పాకుతున్నాయి, పాదాలు తడుస్తున్నాయి. మగవాళ్ల చేతులు వణకడం వెదుళ్లలో తెలుస్తోంది. ఒకరిద్దరు "భుజం" అన్నారు, వెనకవాళ్లు వచ్చి అందుకున్నారు. ఏడుకొండలు నోరు విప్పలేదు.

మెడ వెనక జుట్టు కనబడింది. కాళ్లు పట్టుకుని మెల్లగా పైకి, తల్లి పొట్టవైపు తిప్పాను. తల వచ్చేసింది.

ఆడపిల్ల. ఏడవలేదు.

నోరు తుడిచాను, వీపు రుద్దాను, అరికాళ్ల మీద కొట్టాను. ఏమీ లేదు. అంతమంది మగవాళ్లు, అందరి వీపులూ మావైపే, ఒక్కరూ తల తిప్పలేదు.

ముందునుంచి ఏడుకొండలు గొంతు వినబడింది. "నర్సమ్మగారూ... మా మనిషి?"

"నీ మనిషి బాగుందయ్యా" అన్నాను. బిడ్డ సంగతి అతను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదని నాకు తెలుసు. "ప్రభువా, నువ్వే దిక్కు" అనుకుని బిడ్డ నోటిమీద నోరు పెట్టి ఊదాను. మళ్లీ ఊదాను. చిన్న ఛాతీ ఒకసారి ఎగిరింది. ముక్కులోంచి చీమిడి వచ్చింది. ఆ తర్వాత ఏడుపు, పిల్లికూనలాగా మొదలై, పర్రంతా వినబడేలా.

లంకమ్మ భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఉద్యోగంలో ఏడవకూడదని ట్రైనింగులో చెబుతారు, మీరు ఆ మాట మరీ పట్టించుకోకండి. చేతులు పని చేస్తుంటే కళ్లు ఏం చేసినా నష్టం లేదు.

బొడ్డు కోశాను, మాయ పడింది, రక్తం ఆగడానికి సూది వేశాను. "ఇంక కాసేపు దించండయ్యా, మీ చేతులు పడిపోతాయి" అన్నాను. ఈసారి కోపంతో అనలేదు, జాలితో అన్నాను.

వీరాస్వామిగారు వీపు తిప్పకుండానే జవాబిచ్చారు. "ఇందాక ఒక్క మనిషినే దించలేదు కదమ్మా. ఇప్పుడు ఇద్దరు. ఎట్టా దించుతాం?"

వెదుళ్లు మళ్లీ భుజాలకెక్కాయి.

ఆస్పత్రి వరండా

బిడ్డను కొంగులో చుట్టి తల్లి గుండెల మీద పెట్టి, రక్తం పోకుండా చెయ్యి పైకి చాపి ఆమె పొట్ట నొక్కుతూ నేను మంచం పక్కనే నడిచాను. పొలాల గట్ల మీద ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఒకవైపువాళ్లు గట్టు మీద, ఇంకోవైపువాళ్లు బురదలో మోకాళ్ల లోతున దిగి నడిచారు. అప్పుడు కూడా ఏడుకొండలు ముందు కొమ్ము వదల్లేదు.

డాక్టరుగారు మమ్మల్ని చూసి కంగారుగా బయటికొచ్చారు. "వరండాలో దించండి, ఇక్కడే చూస్తాను" అన్నారు. ఎవరూ కదల్లేదు. ఆయన నావైపు చూశారు.

"బెడ్డు చూపించండి సార్. దానిమీదికే మారుస్తారు" అన్నాను.

ఆయన లోపలికి వెళ్లి ఇనప మంచాన్ని తనే తలుపు దాకా ఈడ్చుకొచ్చారు. నాంచారమ్మనూ బిడ్డనూ దానిమీదికి చేర్చాక, ఖాళీ మంచం వరండాలో మొదటిసారి నేలకు ఆనింది. మోసినవాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. డాక్టరుగారు పరీక్ష చేసి, "బాగా చేశావమ్మా" అన్నారు. తర్వాత వరండాలోకి వచ్చి వాళ్లందరినీ కాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ నెలలోనే ఆయన నాతోపాటు తెల్లదిబ్బ నడిచారు. బూట్లు పర్రలో కూరుకుపోయి, పాయ దగ్గరికి చేరేసరికి వట్టి కాళ్లతో ఉన్నారు. ఊళ్లో ఆయన కాళ్లకు కూడా మంచినీళ్లు పోశారు.

ఆ రోజు వరండాలో అందరికీ టీ తెప్పించారు. గ్లాసులు అందించబోతే ఎవరూ సరిగా పట్టుకోలేకపోయారు, వెదురు పట్టిన వేళ్లు విచ్చుకోవడం లేదు. ఏడుకొండలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భుజం మీద తోలు లేచిపోయి చొక్కా అంటుకుంది. నేను గ్లాసు అతని నోటి దగ్గర పెట్టాను. తాగలేదు.

"నర్సమ్మగారూ, పిల్లను ఒక్కసారి సూడొచ్చా?" అన్నాడు.

పిల్ల పుట్టినప్పుడు అతను వీపు తిప్పి నిలబడ్డాడు, తర్వాత దారంతా ముందు కొమ్ము కింద నడిచాడు. కూతురి ఏడుపు అన్ని మైళ్లూ వెనకనుంచి విన్నాడు గానీ మొహం చూడలేదు. లోపలికి వెళ్లి పిల్లను తెచ్చాను. అతను రెండు చేతులూ చాపాడు. వేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి, పిడికిళ్లు తెరవాలని చూస్తున్నాడు, తెరుచుకోవడం లేదు. పిల్లను నన్నే పట్టుకోమంటాడేమో అనుకున్నాను. అనలేదు. నేనే పిల్లను అతని ముంజేతుల మీద పడుకోబెట్టాను. అతను మోచేతులు ఒంటికి దగ్గరగా లాక్కుని, పిల్ల కదలకుండా పట్టుకున్నాడు.